రెండో వైపు లేని కాసెట్

మేడమీద గది,
ఇస్త్రీ బల్ల పక్కన

అన్నయ్యా,

ఆ డబ్బాను పారెయ్యను. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత కుశలం అడుగుతున్నా. బాగున్నావా? సరే.

మొన్న ఫోన్లో అన్నావు కదా, "ఇంకా ఆ నాలుగు ట్రాకుల రికార్డింగ్ డబ్బా పట్టుకుని వేలాడుతున్నావా, ఫోన్లో వంద ట్రాకులు ఊరికే వస్తుంటే?" అని. నేను నోరు తెరిచేలోపే "సరే సరే, స్టూడియో సారు పిలుస్తున్నారు" అని పెట్టేశావు. నీతో ఫోన్లో పోట్లాడలేం. అందుకే కాగితం మీద పోట్లాడుతున్నా. చింపాలనిపిస్తే చింపుకో, చదివాక చింపు.

వంద ట్రాకులు నాకెందుకు? ఫోన్లో పాడి చూశాను. ఒక లైను పాడాను, నచ్చలేదు, చెరిపాను, మళ్ళీ పాడాను, మళ్ళీ చెరిపాను. చివరికి ఏది బాగుందో తెలీక ఏదీ ఉంచుకోలేదు. వారమంతా లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేదాన్ని, సెలవురోజు కూడా మడతపెట్టి విప్పి మడతపెట్టుకోవాలా? నీ డబ్బాలో ఉన్నవి నాలుగే. ఎవరికి చోటివ్వాలో ముందే తేల్చుకోవాలి. ఎర్రబటన్ నొక్కితే అంతకుముందు ఉన్నది పోతుంది, ఇక రాదు. అందుకే నొక్కేముందు గుండె దడదడలాడుతుంది. ఆ దడ నాకిష్టం. లాండ్రీలో నాకు దడ పుట్టించేది సూపర్‌వైజర్ బూట్ల చప్పుడొక్కటే.

ఇక అసలు విషయం. కూర్చుని చదువు. నీ గిటారు పోయింది. గోడకున్న గిటారు కాదు, అది తుప్పు పట్టిన తీగలతో అక్కడే ఉంది. నువ్వు ఊరు వదిలేముందు నాలుగో ట్రాకులో వాయించి వదిలేసిన గిటారు పోయింది. ఎలా పోయిందో చెప్తా విను.

మా దగ్గర ప్రెస్సింగ్ మిషన్ మీద ఒకావిడ ఉంది. అందరూ ఆవిరక్క అంటారు. ఆవిరి మింగీ మింగీ, మిషన్ల మోతలో అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. ఒకరోజు ఆ బొంగురుతోనే ఏదో పాడుకుంటుంటే నా చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. ఆవిణ్ణి గదికి లాక్కొచ్చాను. నేను నీళ్ళకోసం కిందికి వెళ్ళొచ్చేసరికి ఆవిడ కాసెట్ తిప్పిపెట్టి, ఎర్రబటన్ నొక్కి, పాడేస్తోంది!

"ఏం చేశావక్కా?"

"ఒక వైపు నిండిపోయిందన్నావు కదే పిల్లా. రెండో వైపు వృథా ఎందుకని."

"దీనికి రెండో వైపు ఉండదక్కా! మామూలు టేపు రిబ్బన్‌లో సగం ఈ వైపుకి, సగం ఆ వైపుకి వాడుకుంటుంది. ఈ డబ్బా మొత్తం వెడల్పుని నాలుగు దారులు చేసి, నాలుగింటినీ ఒకే దిక్కుకి నడిపిస్తుంది. నువ్వు తిప్పిపెట్టేసరికి నాలుగో దారిలో మా అన్నయ్యకి ఎదురెళ్ళి తొక్కేశావు."

"అయ్యో! దెబ్బలేమైనా తగిలాయా అబ్బాయికి?"

తిట్టాలని నోరు తెరిచి, ముందు విందామని కాసెట్‌ని సరిగ్గా పెట్టి వేశాను. ఆవిడ గొంతు వెనక్కి నడుస్తోంది. ముందు ఊపిరి లోపలికి పోతుంది, తర్వాత గొంతు పుడుతుంది. ప్రెస్సింగ్ మిషన్ మూత ఎత్తగానే ఆవిరి లేస్తుంది చూడు, అచ్చం అలా. తిట్టు ఎటుపోయిందో తెలీదు.

దాని చుట్టూ పాట కట్టాం. ఒకటో ట్రాకులో తడి తువ్వాలుతో బల్ల మీద దెబ్బ. రెండులో సగం మీటలు పలకని నా బొమ్మ కీబోర్డు. మూడులో అక్క తిన్నగా పాడిన పాట. నాలుగులో వెనక్కి నడిచే అక్క. "ఎవరి నిద్రో ఈ దుప్పటి, మన చేతుల్లో తెల్లారింది" అని పల్లవి, నేనే రాశాను, నవ్వకు. మధ్యలో కింద వాటా ఆవిడ కర్రతో సీలింగు పొడిచింది. అదీ పడింది. ఏమాటకామాట, తాళం తప్పకుండా పొడిచింది.

నాలుగూ కలిపి మామూలు కాసెట్లోకి దింపి పంపుతున్నా. బాగోకపోతే బాగోలేదని రాయి. "పర్లేదు" అని మాత్రం రాయకు.

నీ
సూదిమందు


స్టూడియో,
వెనక గది

సూదిమందూ,

గిటారు పోతే పోయిందిలే. అది పాత చెత్త. నేనైతే మర్చిపోయాను కూడా. పోనీ. అందులో రెండో ముక్క దగ్గర చిన్న విరుపు ఒకటి ఉండేది, అదొక్కటీ కాస్త బాగుండేదనుకుంటా. పోతే పోయిందిలే.

పాట విన్నాను. పర్లే... సరే, ఆ మాట వాడను. ట్యూను గట్టిది. తువ్వాలు దెబ్బ భలే ఉంది. కానీ ఒక సంగతి ఒప్పుకో, ఆ కాసెట్ పామును బుట్టలో పెట్టినట్టు బుస్సుమంటోంది. ఇక్కడ మెత్తటి గోడలు, అద్దాల గది, దగ్గినా అందంగా వినిపిస్తుంది. నువ్వేమో బకెట్ పక్కన మైకు పెట్టుకుని "నాలుగే ముద్దు" అని పంతం పడుతున్నావు. లేమిని గొప్పగా చెప్పుకోకే. చోటు లేనివాళ్ళం కాబట్టి ఇరుక్కున్నాం, ఇరుకు బాగుంటుందని కాదు.

అసలు కబురు ఇది. నేను వైర్లు చుడుతూ నీ పాట వేసుకున్నాను. సారు అటుగా వెళ్తూ ఆగిపోయారు. ఈయన ఎవరికోసమూ ఆగరు. చివరిదాకా విని, "ఆ రెండో చరణంలో డ్రమ్ము ఎవరయ్యా వాయించింది, మంచి చెయ్యి" అన్నారు. కింద వాటా ఆవిడ కర్ర అని నేను చెప్పలేదు.

పాట సారుకి కావాలట. అసలు కాసెట్ పంపు, నాలుగు ట్రాకులు విడివిడిగా ఉన్నది. ఇక్కడ పెద్ద మిషన్లోకి ఎక్కించుకుంటారు. నీకూ ఇక్కడ చోటు చూస్తామన్నారు. మొదట చిన్నాచితకా పనే, కానీ చల్లటి గది. నీ చేతుల మీద ఆ బొబ్బలు నాకు గుర్తున్నాయి. ఆలస్యం చెయ్యకు.

అన్నయ్య


మేడమీద గది

అన్నయ్యా,

చల్లటి గది అన్నావు చూడు, ఆ ఒక్క ముక్క చదివి ఇవాళ మిషన్ దగ్గర నిలబడలేకపోయాను. ఇన్నాళ్ళూ వేడి వేడిగా అనిపించలేదు. ఇవాళ అనిపించింది. నీ ఉత్తరం చేసిన నిర్వాకం అది.

అక్కకి చెప్పాను. నమ్మలేదు. "స్టూడియోలో నా గొంతా? ఊరుకోవే" అంది. తర్వాత చూస్తే టీ మానేసి వేన్నీళ్ళు తాగుతోంది. సూపర్‌వైజర్ ఏదో అడిగితే మాట్లాడకుండా చేత్తో సైగ చేసింది. గొంతు దాచుకుంటోందట. "ఎవరికోసం దాస్తున్నావమ్మా, మహారాణీ?" అని వాడంటే మళ్ళీ సైగే. ఈసారి సైగ వేరేది, రాయను.

అందుకని అడుగుతున్నా. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. తువ్వాలు గురించి రాశావు, ట్యూను గురించి రాశావు, కర్రదెబ్బ గురించి అంత రాశావు. గొంతు గురించి ఒక్క ముక్క లేదు. ఆ పాటలో ఉన్నదే గొంతు. గదిలో ఏనుగంత మనిషి కూర్చుంటే కుర్చీ బాగుందని రాసినట్టుంది. సారు అక్క గొంతు గురించి ఏమన్నారు? సూటిగా రాయి.

ఇంకోటి. "వైర్లు చుడుతూ" అని రాశావు. నువ్వక్కడ గిటారు వాయిస్తున్నావనే కదా నేను అందరికీ చెప్తున్నది? ఈమధ్య ఏం వాయించావో రాయి. పాట పేరు చెప్తే వెతుక్కుని వింటాను.

కాసెట్ నా దగ్గరే ఉంది. నువ్వు జవాబు రాసేదాకా ఇక్కడే ఉంటుంది.

సూదిమందు


స్టూడియో,
వెనక గది

చెల్లీ,

సూటిగానే రాస్తాను, నువ్వు మాత్రం సూటిగా చదువు, ఎగిరిపడకు.

గొంతు మారుస్తారు. "ట్యూను బంగారం, గొంతు తుప్పు" అన్నారు సారు. మూడు, నాలుగు ట్రాకులు తీసేసి, ఆ చోట వేరే అమ్మాయి చేత పాడిస్తారు. శుభ్రమైన గొంతు, అందరూ విన్నదే. తువ్వాలూ కర్రా ఉంచుతారు. అందుకే ట్రాకులు విడివిడిగా కావాలన్నారు. ఇందులో మోసమేమీ లేదు, పద్ధతి ఇంతే. ఇక్కడ రోజూ జరిగేదే.

ఆవిడకి ఏదో ఒకటి చెప్పు. కాసెట్ దారిలో పాడైపోయిందని చెప్పు. ఆవిడ పాడాలని పుట్టలేదు కదా, సరదాకి పాడింది. నువ్వు వేరు. నీకు బుర్ర ఉంది, చెవి ఉంది. ఒకరి గొంతు కోసం నీ బతుకంతా ఆవిరిలో ఉడకబెట్టుకుంటావా?

నేను సారుకి మాటిచ్చేశాను. పోయిన వారం "ఏమైందయ్యా మీ చెల్లెలి కాసెట్" అని అందరి ముందూ అడిగారు. నా పేరు కూడా ఆయనకి గుర్తుండేది కాదు, ఇప్పుడు పిలిచి అడుగుతున్నారు. నా పరిస్థితీ చూడు.

ఏం వాయించానని అడిగావు. ఇక్కడ పని ఎక్కువ, వేళ్ళకి ఖాళీ లేదు. తర్వాత రాస్తాను.

పంపు.

అన్నయ్య


మేడమీద గది

ఏమయ్యా, మాటిచ్చిన మహానుభావా,

నీ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. తుప్పుతో సహా. "ఏదో ఒకటి చెప్పు"తో సహా. దాచిపెడితే నాకూ మీ సారుకీ తేడా ఏముంటుంది?

ఆవిడ విని, చేతిలో ఉన్న దిండు గలీబు మడత పూర్తిచేసి, దాన్ని దొంతర మీద పెట్టి అప్పుడు అంది: "పంపెయ్యవే. తుప్పంటే తుప్పే. ఇన్నేళ్ళూ ఎవరూ వినలేదు, ఇప్పుడు వినకపోతే కొత్తగా పోయేదేముంది? నువ్వన్నా ఈ ఆవిరిలోంచి బయటపడు."

నీ మీద వచ్చిన కోపం కంటే ఆవిడ మీద ఎక్కువ వచ్చింది. "నోరు మూసుకో అక్కా!" అని అరిచాను. చుట్టూ మిషన్లు తిరుగుతున్నా అందరికీ వినపడింది.

"మూసుకోమంటావా, పాడమంటావా? ఏదో ఒకటి తేల్చి చెప్పు" అంది.

తేల్చాను.

చోటు చాలనప్పుడు ఏం చెయ్యాలో నాకు నేర్పింది నువ్వే. మూడు ట్రాకుల్లో ఉన్నదాన్ని కలిపి నాలుగోదాంట్లోకి దింపొచ్చు, దింపుతుండగానే మైకులో ఇంకొకరు పాడొచ్చు, అంతా ఒక్క ట్రాకై కూర్చుంటుంది అన్నావు. "కానీ ఒకసారి కలిశాక విడదియ్యడం ఎవరి తరమూ కాదు, చేసేముందు పదిసార్లు ఆలోచించుకో" అని కూడా అన్నావు. ఆలోచించుకున్నా. ఒక్కసారి సరిపోయింది.

తువ్వాలు, కీబోర్డు, వెనక్కి నడిచే గొంతు, ఆ మూడింటినీ కలిపి మూడో ట్రాకులోకి దింపాం. దింపుతుండగా అక్క మైకు ముందు నిలబడి మళ్ళీ పాడింది. మొదటిసారి మధ్యలో దగ్గొచ్చింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టేసరికి కింద వాటా ఆవిడ కర్రతో సహా మెట్లెక్కి వచ్చేసింది. "మీకు ఇల్లు అద్దెకిచ్చారా, గుర్రాలశాల అద్దెకిచ్చారా?" అంది. నేను చెప్పాను, "మీ కర్రదెబ్బని స్టూడియో సారు మెచ్చుకున్నారండీ. మంచి చెయ్యి అన్నారు." ఆవిడ కాసేపు నన్ను చూసింది, కాసేపు కర్రను చూసుకుంది. "ఎక్కడ కొట్టాలి?" అంది. కూర్చోబెట్టాం.

రెండోసారి అక్క పాడిన తీరు నేను రాయలేను. తుప్పు అన్న మాట ఆవిడ గొంతులో ఎక్కడో గుచ్చుకుని ఉంది, దాన్ని పీకి బయట పారేసినట్టు పాడింది. నేను డబ్బా బటన్ల మీద వేళ్ళు పెట్టి నిలబడ్డాను. తప్పితే ఇంకోసారి అనే ధైర్యం ఆవిడకీ లేదు, నాకూ లేదు. ఫోన్లో వంద ట్రాకులున్నవాడికి ఆ నిమిషం దొరకదు అన్నయ్యా. ఎంత చల్లటి గదిలో కూర్చున్నా దొరకదు. లేమిని గొప్పగా చెప్పుకోవద్దని రాశావు. చెప్పుకుంటా. మేం ముగ్గురం ఇరుక్కుని నిలబడే చోట ఒకరి భుజం ఒకరికి తగులుతుంది. మీ వంద ట్రాకుల్లో ఎవరికి ఎవరూ తగలరు, అందుకే ఒకర్ని తీసేసినా ఎవరికీ తెలీదు.

తర్వాత ఒకటి, రెండు, నాలుగు ట్రాకుల్లో మైకు లేకుండా ఎర్రబటన్ నొక్కి చివరిదాకా నడిపాను. అన్నీ ఖాళీ. ఇప్పుడు ఉన్నది ఒక్క మూడోదే. అందులో తువ్వాలు, మీటలు, కర్ర, నా ట్యూను, అక్క, అక్క వెనక అక్క. చాకుతో కోసినా ఒకటి నుంచి ఒకటి రాదు. మీ సారుకి ఇవ్వు. తీసుకుంటే మొత్తం తీసుకోమను, లేదా మొత్తం వదిలెయ్యమను.

చల్లటి గది వద్దు. వద్దు అని ఒకసారి రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను.

నీ గిటారుని అక్క తొక్కేసింది కాబట్టి రెండో ట్రాకు నీకు వదిలాను. ఒకటీ నాలుగూ ఎవరికో ఇంకా తేల్చలేదు, కింద వాటా ఆవిడ అప్పుడే అర్జీ పెట్టుకుంది. నీ వేళ్ళకి ఖాళీ ఉంటే నీ చోటు ఉంది. లేకపోతే అది ఖాళీగానే బుస్సుమంటుంది. పాములా.

సూదిమందు


స్టూడియో,
వెనక గది

సూదిమందూ,

కాసెట్ అందిన రోజు నిన్ను ఏమని తిట్టుకున్నానో అక్షరాల్లో పెట్టను. మర్నాడు కూడా అంతే. ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపాను, అది నువ్వు చదివుంటే మనం ఈ జన్మకి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

సారు ఆగలేదు. నేను చెప్పేలోపే మామూలు టేపులో వేసేశారు. ఆ వైపున నువ్వు చెరిపిన ఖాళీ ట్రాకులే కదా, ఉత్త బుస్సు. తిప్పి వేశారు. అప్పుడు పాట వెనక్కి నడిచింది. తిన్నగా పాడిన గొంతు తిరగబడింది, తిరగబడిన గొంతు తిన్నగా వచ్చింది. సారు ముఖం చూసి గదిలో ఉన్నవాళ్ళందరూ గోడల వైపు తిరిగారు.

"ఇదేం భాషయ్యా?" అన్నారు.

"మా చెల్లెలి భాషండీ" అన్నాను. అనాలనుకోలేదు. వచ్చేసింది.

పాట వద్దన్నారు. నీ చోటు పోయింది. నన్ను పాటల గదిలోకి రావద్దన్నారు. అది పెద్ద శిక్షేం కాదు. ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. నేను ఇక్కడ ఏమీ వాయించలేదు. వచ్చినప్పటినుంచి వైర్లే చుడుతున్నాను. ఈ గదిలో గిటారు వాయించేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ చెప్పులు కూడా నాకంటే ఖరీదుగా ఉంటాయి. నేను కూనిరాగం తీసుకుంటుంటే సారు విని "ఏదీ, మళ్ళీ అను" అన్నారు రెండుసార్లు. ఆ రెండూ పాటలై బయట మోగుతున్నాయి. నువ్వు వినే ఉంటావు. పేరు నాది కాదు. పద్ధతి ఇంతే అని నీకు రాసింది నాకు నేను చెప్పుకునే మాటే.

వెనక గదిలో పారెయ్యడానికి పెట్టిన సామాన్లలో మన డబ్బాలాంటిదే ఒకటి దొరికింది. లోపల బెల్టు తెగి ఉంది. కవర్లకి చుట్టే రబ్బరుబ్యాండు వేశాను. తిరిగింది. నీ పాట సరిగ్గా, ముందుకి, విన్నాను. సారు అన్నది నిజమే, అది తుప్పే. నా లోపలంతా గీరుకుపోయింది.

రెండో ట్రాకు ఒక్కటే పెట్టుకుని కూడా విన్నాను. బుస్సు. నా చోటు అలా వినిపిస్తుందని నాకు తెలీదు.

సారు గోడకి అలంకారంగా తగిలించిన గిటారు దించాను. పట్టపగలే. శ్రుతి చేసుకుని, ఎర్రబటన్ నొక్కి, మొదలుపెట్టాను. చరణం మధ్యలో సారు తలుపు తీశారు. "దాన్ని ఎవరు దించమన్నారు?" అన్నారు. నేను ఆపలేదే. పాట అయ్యేదాకా ఆపలేదు. ఆయన తలుపు తీసినప్పుడు మాత్రం వేలు జారింది, ఒక తీగ తప్పు పలికింది. మళ్ళీ వాయిద్దామని బటన్ మీద వేలు పెట్టి తీసేశాను. నీకు నచ్చకపోతే చెరుపుకో. చెరిపే హక్కు ఆవిరక్కకి ముందుంది, ఆవిడకి అలవాటే.

కాసెట్ తిరిగి పంపుతున్నా. మిగతా సంగతి తర్వాత రాస్తాను.

నీ
అన్నయ్య


మేడమీద గది,
ముగ్గురం కూర్చుని ఉండగా

అన్నయ్యా,

ఉద్యోగం ఉందా పోయిందా? "మిగతా సంగతి" అని రాస్తే నాకు అర్థం కాదనుకున్నావా? పోతే పోయిందని రాయి, ఉంటే ఉందని రాయి. ఇక్కడ గోడకున్న నీ గిటారుకి మాత్రం కొత్త తీగలు వేయించాను.

కాసెట్ విన్నాం. నేను, అక్క, కింద వాటా ఆవిడ. నువ్వు తప్పు పలికించిన చోట తలుపు తెరుచుకున్న చప్పుడు పడింది. "ఎవరు దించమన్నారు" అన్న గొంతు కూడా దూరంగా, సన్నగా పడింది. మీ సారు మా పాటలో ఉన్నారు! మైకుకి దూరంగా ఉన్నారు కాబట్టి చిన్నగా ఉన్నారు. ఆయన మాట అయ్యాక కూడా గిటారు నడుస్తూనే ఉంటుంది, దాని కింద అక్క పాడుతూనే ఉంటుంది. ఆ చోటు వచ్చేసరికి అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, బొబ్బ మీదే. నేను అరవలేదు.

ఆ తప్పుని ముట్టుకోను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను.

మామూలు కాసెట్లలోకి దింపుతున్నాం. మా గదిలో రెండు టేపులు ఉన్నాయి, ఒకటి నడుస్తుంది, ఒకటి తంతే నడుస్తుంది. అట్ట మీద ముందు ఆవిరక్క పేరు, ఆవిడ అసలు పేరు. అది లాండ్రీలో ఎవరికీ తెలీదు. హాజరు పుస్తకంలో కూడా తప్పే రాస్తారు. నేనే అడిగి రాశాను. తర్వాత నాది, నీది, కర్ర ఆవిడది. భోజనాల విరామంలో ప్రెస్సింగ్ మిషన్ల పక్కన పెట్టి వేశాం. సూపర్‌వైజర్ వచ్చి "ఆపండి" అన్నాడు. మడతపెట్టేవాళ్ళలో ఒక్కరూ లేవలేదు. "ఎవరిదా గొంతు?" అన్నాడు. అక్క చేత్తో సైగ చెయ్యలేదు ఈసారి. "నాది" అంది. బొంగురుగా.

చల్లటి గది గుర్తొస్తూనే ఉంటుంది, అబద్ధం ఆడను. గుర్తొచ్చినప్పుడు ఇంకో పల్లవి రాస్తున్నాను.

ఇంకో కాసెట్ పంపుతున్నా. ఒకటో ట్రాకులో కర్ర ఉంది. మూడులో అక్క. రెండు నీది. నాలుగు ఖాళీ, ఎవరికో నువ్వే తేల్చు. ఆ రబ్బరుబ్యాండు డబ్బాని పారెయ్యనివ్వకు, బయటికి వస్తే నీతోపాటే బయటికి తీసుకురా. కాసెట్‌ని మాత్రం తిప్పి పెట్టకు, మొన్న మీ సారు తిప్పితే ఏమైందో నువ్వే రాశావు కదా

ఇక్కడ అక్క పెన్ను లాక్కుంది. కింది ముక్క ఆవిడ రాత.

తిప్పు అబ్బాయ్. పోయేది పోనీ.